పెద్దవుతున్న పిల్లలతో క్రూజ్: కృష్ణ లాంచీనా, ముంబై ఓడా, సింగపూర్ ఓడా?

ఈ మధ్య నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లల్లో కూడా "ఈసారి క్రూజ్‌కి పోదామా" అనే మాట వినిపిస్తోంది. వెంటనే వచ్చే ప్రశ్న "ఎంతవుతుంది?" ఆ తర్వాతది "మన తిండి దొరుకుతుందా?" రెండూ అడగాల్సినవే. కానీ ఇంట్లో 10 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలుంటే వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ ఓడలో మన పిల్లలు అమ్మానాన్నల పక్కన కాకుండా ఇంకెక్కడ ఉంటారు? ఎవరితో ఉంటారు?

అయిదేళ్ల పిల్లాడికి ఏ ఓడైనా ఒకటే. ఈత కొలను, ఐస్‌క్రీం, కిటికీలోంచి నీళ్లు కనిపిస్తే చాలు. తొమ్మిదో తరగతి అబ్బాయి అలా కాదు. మొదటి గంట ఫొటోలు తీసుకుంటాడు, రెండో గంట నుంచి ఫోన్‌లో సిగ్నల్ ఎందుకు లేదని అడుగుతాడు. ఆరో తరగతి అమ్మాయి పరిస్థితి ఇంకా ఇబ్బంది. చిన్నపిల్లల ఆటల గదికి పంపితే "నేనేం చిన్నదాన్నా" అంటుంది, పెద్దపిల్లల గదికి పంపితే వాళ్లు రానివ్వరు. ఓడ ఎంపికలో అసలు తేడా ఇక్కడే వస్తుంది.

ముందు వయసు, ఆ తర్వాత ఎత్తు

పెద్ద ఓడల్లో పిల్లల్ని వయసు వారీగా విడదీస్తారు. రాయల్ కరీబియన్ అనే విదేశీ కంపెనీ ఓడల్లో 3 నుంచి 11 ఏళ్ల వాళ్లకు ఒక విభాగం, 12 నుంచి 17 వరకు టీనేజర్లకు వేరే విభాగం. డిస్నీ ఓడల్లో 11 నుంచి 14 ఏళ్ల వాళ్లకు 'ఎడ్జ్', 14 నుంచి 17 వరకు 'వైబ్' అని విడిగా రెండు చోట్లు ఉంటాయి. ఓడ ఎక్కే నాటికి నిండిన వయసునే లెక్కలోకి తీసుకుంటారు. బడిలో ఏ తరగతి అన్నది వాళ్లకు పట్టదు. అంటే 11 ఏళ్ల 10 నెలల అమ్మాయి ఒక ఓడలో ఆరేళ్ల పిల్లలతో ఒకే విభాగంలో పడుతుంది, ఇంకో ఓడలో తన ఈడు వాళ్లతో ఉంటుంది. రెండు నెలల తర్వాత బయలుదేరే ప్రయాణానికి టికెట్ తీసుకుంటే మొదటి ఓడలోనే టీనేజర్ల వైపు వెళ్తుంది. బుక్ చేసే ముందు పిల్లల పుట్టిన తేదీలు, ఓడ బయలుదేరే తేదీ పక్కపక్కన రాసుకుని చూడండి.

ఎత్తు సంగతి చాలామంది ఓడ ఎక్కాకే తెలుసుకుంటారు. రాయల్ కరీబియన్ ఓడల మీద ఉండే 'ఫ్లోరైడర్' అంటే యంత్రంతో పుట్టించే అల మీద జారే ఆట. పలక మీద బోర్లా పడుకుని ఆడాలంటే 52 అంగుళాలు (132 సెం.మీ.), నిలబడి ఆడాలంటే 58 అంగుళాలు (147 సెం.మీ.) ఎత్తు ఉండాలి. తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. ఆరు నెలల ముందు నుంచి యూట్యూబ్‌లో ఆ ఆట చూసి కలలు కన్న పిల్లను అక్కడికి తీసుకెళ్లాక రెండంగుళాలు తక్కువ అన్నారంటే ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ పాడవుతుంది. ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచి, ఏ ఆటకు ఎంత ఎత్తు కావాలో ముందే చూసుకోండి. గోడ ఎక్కే ఆటలకు వేళ్లు కప్పే బూట్లు, సాక్సులు కావాలి. చెప్పులతో వెళ్తే వెనక్కి పంపిస్తారు.

ఇంకో మాట. మన దగ్గర రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లడం అలవాటు. మేనత్త పిల్లలు, చిన్నమ్మ పిల్లలు కలిసి అయిదారుగురు అయ్యారంటే వాళ్లకు ఓడవాళ్ల క్లబ్బులతో పనే లేదు. వాళ్లే ఒక గ్యాంగ్. అప్పుడు చిన్న ఓడైనా సరిపోతుంది. నలుగురే వెళ్తున్నారా, అందులోనూ ఒక్కరే పిల్ల లేక పిల్లాడా? అప్పుడు మాత్రం ఓడలో టీనేజర్లకు ఏమేం ఉన్నాయో చూడకుండా డబ్బు కట్టకండి.

ఇంటి దగ్గరి నీళ్లు: సాగర్, సోమశిల

సముద్రం దాకా వెళ్లే ముందు మన కృష్ణ సంగతి చూద్దాం. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి, కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలానికి తెలంగాణ టూరిజం లాంచీలు నడుపుతుంది. సాగర్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. రెండు వైపులా నల్లమల కొండలు, మధ్యలో నది. డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర దింపుతారు. సోమశిల దారి శ్రీశైలం జలాశయం మీదుగా సాగుతుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు. నీళ్లు తగినంత ఉంటేనే లాంచీ కదులుతుంది కాబట్టి వరదలు వచ్చి జలాశయాలు నిండాక, వానాకాలం చివరి నుంచి చలికాలం దాకానే దీని సీజన్. ఎండాకాలం సెలవుల్లో పోదామనుకుంటే కుదరకపోవచ్చు.

టీనేజర్లకు నచ్చుతుందా అంటే పిల్లల్ని బట్టి ఉంటుంది. ఏడు గంటలు ఒకే లాంచీలో, ఎక్కువ భాగం ఫోన్ సిగ్నల్ లేకుండా, కూర్చోవడం తప్ప వేరే పని లేకుండా. పక్షులు, కొండలు, కెమెరా అంటే ఇష్టపడే పిల్లలైతే ఇంతకంటే మంచిది దొరకదు. లేకపోతే మూడో గంటకే "ఇంకెంత సేపు" అని మొదలుపెడతారు. అలాంటి వాళ్లకు సాగర్ నుంచి నాగార్జునకొండ దీవికి వెళ్లే చిన్న ప్రయాణం నయం. దాదాపు గంటలో దీవి చేరతారు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయే లోయలోంచి ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ శిల్పాలను, కట్టడాలను తవ్వి తీసి, ఆ కొండ మీద మ్యూజియం పెట్టారు. పిల్లలు సోషల్ పుస్తకంలో చదివింది అక్కడ రాతిలో కనిపిస్తుంది. ఈ లాంచీ ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచి బయలుదేరుతుంది. ఇటు మన వైపు 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు కూడా కలుపుకుంటే ఒక రోజు పూర్తిగా గడిచిపోతుంది.

కృష్ణ లాంచీకి నేనిచ్చే విలువ వేరే. ఇది పరీక్ష. మీ పిల్లలు గంటల తరబడి నీళ్ల మీద ఎలా ఉంటారు, ఎవరికి కడుపులో తిప్పుతుంది, అన్నాచెల్లెళ్లు ఒకే చోట ఎంతసేపు కొట్టుకోకుండా ఉంటారు, ఇవన్నీ రెండు మూడు లక్షలు కట్టాక కాకుండా, కొన్ని వేలతోనే తెలిసిపోతాయి. నదిలో ఊపు సముద్రమంత ఉండదు, నిజమే. అయినా బస్సులో వాంతులు చేసుకునే పిల్ల ఇక్కడ ఎలా ఉందో చూస్తే కొంత అంచనా వస్తుంది.

ఏ నదిలో ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకోవడం, పడవలో ఎక్కాల్సినంత మందే ఎక్కారా అని చూడటం మీ బాధ్యత అనుకోండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు, అందులో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. "ఉక్కగా ఉంది, తీసేస్తా" అని టీనేజర్లే ముందు జాకెట్ విప్పుతారు. అక్కడ మాత్రం బతిమాలడం లేదు, వేసుకోవాల్సిందే.

ముంబై, చెన్నై నుంచి: కార్డీలియా

మన దేశంలోనే ఎక్కి మన దేశంలోనే దిగే పెద్ద ఓడ అంటే ఇప్పటికి కార్డీలియా పేరే ముందు వస్తుంది. 2021లో మొదలైన కంపెనీ ఇది. వాళ్ల 'ఎంప్రెస్' ఓడ 1990లో కట్టింది, ఇంతకు ముందు రాయల్ కరీబియన్ కింద తిరిగేది. దాదాపు 48 వేల టన్నులు, 11 అంతస్తులు, సుమారు 800 గదులు. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్, కొచ్చి వైపు వెళ్తుంది. అరేబియా సముద్రం వానాకాలంలో అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో చెన్నై వైపు నుంచి నడిపిన సందర్భాలున్నాయి. 2022లోనూ 2025లోనూ విశాఖకు కూడా వచ్చింది. కొత్త ఓడలు తెస్తామని కంపెనీ ప్రకటించింది కాబట్టి బుక్ చేసేటప్పుడు ఓడ పేరు కూడా అడగండి.

ఇందులో లాభాలు స్పష్టం. దేశం దాటని ప్రయాణమైతే పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. శ్రీలంక వెళ్లే ప్రయాణమైతే మాత్రం పాస్‌పోర్టు తప్పదు. అన్నం, పప్పు, రోటీ, శాకాహారం, జైన్ భోజనం అన్నీ ఉంటాయి. హిందీ నడుస్తుంది కాబట్టి నాయనమ్మ కూడా ధైర్యంగా తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబైలో దిగే సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి ఓడరేవు దగ్గరే. పాలమూరు వాళ్లకు ముంబై దారి కొత్తేమీ కాదు. తాతలు పని వెతుక్కుంటూ బొంబాయి బస్సు ఎక్కిన ఊళ్ల నుంచే ఇప్పుడు మనవళ్లు ఓడ ఎక్కడానికి వెళ్తున్నారు. ఎలా వెళ్లినా ఒక రోజు ముందే చేరండి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు.

పిల్లల సంగతికి వస్తే, ఈత కొలను ఉంది, గోడ ఎక్కే ఆట ఉంది, సాయంత్రం మ్యాజిక్, డాన్స్ షోలు ఉంటాయి. పిల్లల కోసం గది ఉంది గానీ అది చిన్నపిల్లలకే బాగా సరిపోతుంది. 10, 11 ఏళ్ల వాళ్లు రెండు రాత్రులు హాయిగా గడిపేస్తారు. 15, 16 ఏళ్ల వాళ్లకు మొదటి రోజుతో ఓడంతా చూడటం అయిపోతుంది. ఓడలో క్యాసినో, బార్లు ఉన్నాయి. మైనర్లను క్యాసినోలోకి రానివ్వరు, కానీ వారాంతపు ముంబై–గోవా ప్రయాణంలో వచ్చేవాళ్లలో పెద్దల పార్టీ గుంపులు ఎక్కువ. అర్ధరాత్రి దాకా డీజే. మీ ఇంట్లో టీనేజర్ ఉంటే కార్డీలియాలో నేను సూచించేది శుక్రవారం గోవా ట్రిప్పు కాదు, లక్షద్వీప్ వెళ్లే ప్రయాణం. అక్కడ ఓడలో ఏముందన్నది ముఖ్యం కాదు. దీవి దగ్గర దిగి పగడపు దిబ్బల మధ్య తేటనీళ్లలో ఈదడమే అసలు సంగతి. అది ఏ పదహారేళ్ల వాడినైనా ఫోన్ పక్కన పెట్టిస్తుంది. లక్షద్వీప్‌కు ప్రత్యేక అనుమతి కావాలి. ఆ ఏర్పాటు ఎవరు చూస్తారో బుకింగ్‌లోనే తేల్చుకోండి.

ఒక హెచ్చరిక. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు ఆనదు, చిన్న పడవల్లో దీవికి తీసుకెళ్తారు. గాలి, అలలు ఎక్కువగా ఉంటే ఆ దిగడం రద్దవుతుంది. ఏ ఓడ కంపెనీ అయినా రేవును మార్చే, వదిలేసే హక్కు తమ దగ్గరే ఉంచుకుంటుంది. దీవి కోసమే వెళ్తున్నామని పిల్లలకు ప్రమాణం చేసి తీసుకెళ్లకండి.

సింగపూర్ నుంచి: మూడు రకాల ఓడలు

టీనేజర్ల కోసం కట్టినట్టుండే ఓడలు కావాలంటే మనకు దగ్గరి రేవు సింగపూరే. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, నాలుగున్నర గంటలు పట్టవచ్చు. జడ్చర్ల, షాద్‌నగర్ వైపు వాళ్లకు విమానాశ్రయం 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు ఇంటి పక్కనే ఉన్నట్టు. మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లు మాత్రం రాత్రి విమానమైతే మధ్యాహ్నమే బయలుదేరాలి.

మొదటిది రాయల్ కరీబియన్. సింగపూర్‌కు వచ్చే ఓడ సీజన్‌ను బట్టి మారుతుంటుంది. క్వాంటమ్ తరగతి ఓడ అయితే, ఉదాహరణకు 2019లో వచ్చిన స్పెక్ట్రమ్, టీనేజర్లు చేయడానికి బోలెడు ఉంటుంది. అల మీద జారే ఫ్లోరైడర్, గాలిలో తేలే ఐఫ్లై, ఓడ పైనుంచి గాజు గదిలో ఎత్తుకు లేచి సముద్రం చూపించే నార్త్ స్టార్, లోపల ఆటల మైదానంలో బంపర్ కార్లు. 12 నుంచి 17 ఏళ్ల వాళ్లకు వేరే చోటు, వేరే కార్యక్రమాలు. 17 ఏళ్ల వాళ్లు, అంతకంటే చిన్నవాళ్లు రాత్రి ఒంటిగంట తర్వాత పెద్దలు లేకుండా ఓడలో తిరగకూడదనే నియమం కూడా ఉంది. మనింట్లో పెట్టే టైముకంటే అది చాలా ఆలస్యమే అనుకోండి. తిండి రకాలు చాలా ఉంటాయి, భారతీయ వంటలు కూడా కనిపిస్తాయి. కానీ పూటపూటకూ మన పద్ధతిలో అన్నం, పప్పు, కూర ఉండాలనుకునే వాళ్లు ముందుగా చెప్పి పెట్టుకోవాలి.

రెండోది రిసార్ట్స్ వరల్డ్ కంపెనీ నడిపే జెంటింగ్ డ్రీమ్. 2016లో కట్టిన ఈ ఓడ సుమారు లక్షా యాభై వేల టన్నులు. అంటే కార్డీలియా ఎంప్రెస్ కంటే మూడు రెట్లు. 2022 నుంచి సింగపూర్ నుంచి తిరుగుతోంది. తాళ్ల మీద నడిచే ఆట, సముద్రం మీదుగా జిప్‌లైన్, నీటి జారుడుబల్లలు, బౌలింగ్ ఉన్నాయి. దీని పెద్ద బలం మన వాళ్లే. భారతీయ కుటుంబాలు చాలా ఎక్కువగా ఎక్కే ఓడ ఇది. భారతీయ శాకాహారం, జైన్ భోజనం బాగా దొరుకుతాయి. ఇంగ్లీష్‌లో తడబడే మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. పక్క టేబుల్ మీద హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంకో తొమ్మిదో తరగతి పిల్ల కనిపిస్తే తొలిరోజు సిగ్గు సగం పోతుంది. క్యాసినో ఇక్కడా ఉంది. నా అంచనాలో నల్లగొండ నుంచి మొదటిసారి విదేశీ క్రూజ్‌కి వెళ్లే కుటుంబానికి, అందులోనూ పెద్దవాళ్లను కూడా తీసుకెళ్తుంటే, ఇదే తేలికైన ఎంపిక. కేవలం టీనేజర్ల ఆటల లెక్కలో రాయల్ కరీబియన్ పైచేయి.

మూడోది డిస్నీ అడ్వెంచర్. సుమారు 2 లక్షల 8 వేల టన్నుల ఈ ఓడ మొదట 2025 డిసెంబర్‌లో మొదలవుతుందన్నారు, ఆ తర్వాత 2026 మార్చికి జరిపారు. మూడు, నాలుగు రాత్రుల ప్రయాణాలు, మధ్యలో ఏ ఊళ్లోనూ ఆగదు. ఓడే ఊరు. డిస్నీ ఓడల్లో క్యాసినో ఉండదు. ఇది కొంతమంది తల్లిదండ్రులకు పెద్ద ఊరట. 10 నుంచి 13 ఏళ్ల పిల్లలకు దీన్ని మించింది లేదంటాను, ముఖ్యంగా మార్వెల్ బొమ్మలు, డిస్నీ కథలు ఇంకా ఇష్టంగా చూసేవాళ్లైతే. పదహారేళ్ల అబ్బాయికి "ఇవన్నీ చిన్నపిల్లలవి" అని అనిపించే ప్రమాదం ఉంది. ధర కూడా మిగతా రెండింటి కంటే సాధారణంగా ఎక్కువే.

మొదటి రెండు ఓడలు పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ లాంటి రేవుల్లో ఆగుతాయి. పోర్ట్ క్లాంగ్‌లో దిగితే కౌలాలంపూర్‌కు గంటకు పైగా రోడ్డు ప్రయాణం. ఉన్న ఏడెనిమిది గంటల్లో రానుపోను అయిపోతుంది. టీనేజర్లను అడిగితే చాలామంది ఆ రోజు దిగకుండా ఖాళీగా ఉన్న ఓడలోనే ఉంటామంటారు. నిజానికి అదే తెలివైన పని. అందరూ ఊరు చూడ్డానికి దిగిపోయాక ఆటల దగ్గర లైన్లు ఉండవు.

గది, ఫోన్, రాత్రి టైము

నలుగురికి ఒకే గది అంటే కింద రెండు మంచాలు, గోడకు లేదా పైకప్పుకు మడిచి పెట్టిన రెండు పై బెర్తులు. మూడో, నాలుగో మనిషికి టికెట్ ధర తగ్గుతుంది కాబట్టి డబ్బు కలిసొస్తుంది. కానీ బాత్‌రూమ్ ఒక్కటే. అద్దం ముందు అరగంట నిలబడే అమ్మాయి, తలుపు తట్టే నాన్న, మధ్యలో "డిన్నర్ టైమ్ అవుతోంది" అని అమ్మ. రెండు మూడు రాత్రులైతే సర్దుకుపోవచ్చు. అయిదు రాత్రులైతే, ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు ఇద్దరూ పెద్దవాళ్లైతే, లోపలి వైపు చవక గదులు రెండు పక్కపక్కన తీసుకోవడం ఒక్క బాల్కనీ గది కంటే మేలు. గదికొక పెద్ద మనిషి ఉండాలనే నియమాలు ఉంటాయి, పక్క గదుల్లో తల్లిదండ్రులుంటే మినహాయింపు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అడిగి తెలుసుకోండి. వాంతుల భయం ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. మాత్రలు ముందుగా మీ డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

ఫోన్లను ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి. తీరం దాటాక ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కు తగులుకుంటే రోమింగ్ బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఓడలో వైఫై దొరుకుతుంది, అదీ ఖరీదే. ఒక్కరి పేరు మీద ప్యాకేజీ తీసుకుని రోజుకో అరగంట ఒకరి తర్వాత ఒకరు వాడుకోవడం చాలా ఇళ్లల్లో నడిచే పద్ధతి. ఫోన్ ఉండదు కాబట్టి "పూటకొకసారి ఫలానా చోట కలవాలి" అనేది ఓడ ఎక్కిన మొదటి గంటలోనే ఖాయం చేసుకోవాలి. రాత్రి ఎన్నింటికి గదికి రావాలో కూడా అప్పుడే చెప్పండి. డిన్నర్ మాత్రం అందరూ కలిసి తినాలని పెట్టుకుంటే, పగలంతా వదిలేసినా బెంగ ఉండదు.

టీనేజర్ల క్లబ్బు విషయంలో ఒక కిటుకు: మొదటి సాయంత్రమే వెళ్లాలి. స్నేహాలు ఆ రాత్రే కుదురుతాయి. రెండో రోజు వెళ్లినవాడు గుంపు బయట నిలబడతాడు. "నాకు ఇష్టం లేదు" అన్నా ఒక అరగంట ఉండి రమ్మని పంపండి, ఆ తర్వాత వాళ్లిష్టం.

కాగితాలు

సింగపూర్ దారిలో పిల్లల పాస్‌పోర్టులతోనే మొదలు పెట్టాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి, హైదరాబాద్ పోనక్కర్లేదు. 18 ఏళ్ల లోపు వాళ్లకు మామూలుగా 5 ఏళ్లకు ఇస్తారు. 15 దాటితే పదేళ్లది అడగొచ్చు. తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి.

మన వైపు తరచూ చిక్కు తెచ్చేది ఇంటిపేరు. బడి రికార్డులో ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకోచోట. విమానం టికెట్, ఓడ బుకింగ్, వీసా మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఏజెంటుకు పేర్లు వాట్సాప్‌లో టైప్ చేసి పంపకండి, పాస్‌పోర్టు ఫొటో పంపి, తిరిగి వచ్చిన బుకింగ్ కాగితాన్ని మీరే సరిచూడండి. కార్డీలియాకు ఆధార్ సరిపోయినా, 13 ఏళ్ల పిల్ల ఆధార్‌లో అయిదేళ్లప్పటి ఫొటో ఉంటుంది చాలాసార్లు. కొత్త ఫొటోతో అప్‌డేట్ చేయించుకుని వెళ్తే రేవులో టెన్షన్ ఉండదు.

ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన సింగపూర్ వీసా సరిపోదు. ఓడ ఎక్కినప్పుడు దేశం విడిచినట్టే, తిరిగొస్తే మళ్లీ ప్రవేశించినట్టే. కాబట్టి ఎక్కువసార్లు ప్రవేశానికి వీలున్నదే ఇచ్చారా అని చూసుకోవాలి. మలేషియా, థాయ్‌లాండ్ భారతీయులకు వీసా నియమాలు సడలించాయి గానీ ఇవి మారుతుంటాయి, బయలుదేరే నెలలో మళ్లీ చూడండి.

సెలవులు, డబ్బు

ఏ సెలవులకు ఏది అన్నది చాలావరకు వాతావరణమే నిర్ణయిస్తుంది. దసరా సెలవుల్లో జలాశయాలు నిండి ఉంటాయి కాబట్టి సాగర్, సోమశిల. బతుకమ్మకు ఇంట్లో ఉండాల్సిందే అనుకుంటే దసరా మర్నాటి నుంచి. సంక్రాంతికి అరేబియా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, లక్షద్వీప్‌కు మంచి కాలం, కానీ సెలవులు తక్కువ. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే ఎండాకాలం సెలవుల్లో సింగపూర్. పదో తరగతి రాసిన పిల్లలకు ఇంటర్ మొదలయ్యే లోపు దొరికే ఖాళీ అదే.

డబ్బు విషయంలో ఓడ టికెట్ ధర ఒక్కటే చూసి మోసపోకండి. నలుగురికి కార్డీలియాలో రెండు రాత్రులంటే, సీజన్‌ని బట్టి, పన్నులతో లక్ష అటూఇటూ అనుకోండి. సింగపూర్ అయితే విమానాలు, వీసాలు, ఒక రాత్రి హోటల్ కలుపుకుని మూడు లక్షలు పైనే పెట్టుకోవాలి. డిస్నీకి ఇంకా ఎక్కువ. దాని మీద టిప్పులు వేరు. రాయల్ కరీబియన్‌లో మనిషికి రోజుకు 18 డాలర్ల పైన వసూలు చేస్తారు, పిల్లలకూ అంతే. నలుగురికి మూడు రాత్రులకు అదే 18 వేల రూపాయలు దాటుతుంది. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) అని కొంత కోస్తాడు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, రసీదు దాచుకోండి. ఓడలో డాక్టర్ ఉంటాడు కానీ ఫీజు విదేశీ లెక్కలో ఉంటుంది కాబట్టి ప్రయాణ బీమా లేకుండా వెళ్లవద్దు. ఇంట్లో చేసిన సకినాలు, పులిహోర చాలా ఓడల్లోకి రానివ్వరు. సీలు వేసిన ప్యాకెట్లను సాధారణంగా ఒప్పుకుంటారు.

ఒక్క పిల్లాడితో, అదీ 14 దాటినవాడితో వెళ్తూ, బడ్జెట్ సింగపూర్‌కు చాలకపోతే, నేనైతే కార్డీలియా గోవా ట్రిప్పుకు డబ్బు పెట్టను. ఒక ఏడాది ఆగి కూడబెట్టి రాయల్ కరీబియన్ ఎక్కిస్తాను, లేదా రెండు కుటుంబాలుగా కలిసి లక్షద్వీప్ వెళ్తాను. పిల్లలిద్దరూ 12 లోపు అయితే కార్డీలియాకే నా ఓటు, అంతకు ముందు దసరాకు ఒకసారి సోమశిల. డిస్నీకి వెళ్లాలనుంటే పెద్ద పిల్ల 13 దాటక ముందే వెళ్లాలి.

ఏజెంటు దగ్గరికి వెళ్లినప్పుడు ఓడ పేరు, ప్రయాణం తేదీకి పిల్లలు పడే విభాగం, గదిలో పై బెర్తులు ఉన్నాయా లేదా, టిప్పులూ పన్నులూ ధరలో కలిశాయా, తేదీ మార్చుకుంటే ఎంత కోత పడుతుంది అన్నవి రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వనంటే ఇంకో ఏజెంటును చూసుకోండి. అడ్వాన్స్ మాత్రం పిల్లల చివరి పరీక్ష టైమ్‌టేబుల్ వచ్చాకే కట్టండి.